ఆట మధ్యలో ఆగిపోవు కంప్యూటరు



మన ఇండ్లలో ఏ యంత్రమునకు జబ్బు చేసినను దాని గుణమును బట్టి మనకు కొంత తెలియును. మోటారు మూలిగి వేడెక్కితే వోల్టేజి చాలలేదని, బండి నీలిపొగ వదిలితే రింగులు అరిగినవని బడిమెట్లు ఎక్కని రైతు కూడ చెప్పగలడు. కంప్యూటరు విషయములో మాత్రము విచారణ లేకుండగనే తీర్పు అయిపోవుచున్నది. "రాత్రింబగళ్లు ఆటలాడి పాడు చేసినాడు" అను ఒక్కమాట చాలును. ఆ మాట నిజమైన ఇండ్లు లేకపోలేదు గాని, అవి మీరనుకొన్నంత ఎక్కువ కావు.

ఆటలు ఆడవచ్చునా, ఎంతసేపు ఆడవచ్చును అను సంగతి వేరు. దానిని గూర్చి ఒక్కొక్క ఇంట ఒక్కొక్క అభిప్రాయమున్నది, నాకును ఉన్నది. నేడు ఆ చర్చను ప్రక్కన పెట్టుచున్నాను. ఏలయనగా ఆటల కోసమని కొన్న కంప్యూటరు మీదనే పిల్లలు బొమ్మలు గీయుచున్నారు, వీడియోలు కూర్చుచున్నారు, కాలేజీ ప్రాజెక్టులు చేయుచున్నారు. ధాన్యము సొమ్ము, చీటీ సొమ్ము కలిపి కొన్న వస్తువు రోజుకు రెండుసార్లు చచ్చి లేచుచుండగా ఊరకుండుట ఏ ఇంటికిని సాధ్యము కాదు.

బ్యాంకులో మనము చూచు కంప్యూటరునకు, ఈ ఆటల కంప్యూటరునకు భేదమేమనగా, తెరమీద బొమ్మలు గీయుటకే దీనిలో ప్రత్యేకముగా ఒక పెద్ద కార్డు ఉండును. గ్రాఫిక్స్ కార్డు అందురు. బ్యాంకు కంప్యూటరు ఒక సీలింగు ఫ్యాను తినునంత కరెంటుతో గడుపుకొనును. ఆటల కంప్యూటరు ఆట నడుచునప్పుడు 300 మొదలు 500 వాట్ల వరకు తినును, ఆట మూయగానే నూరుకు లోపలికి దిగును. కాబట్టి దానిలో ఎక్కడ బలహీనత దాగియున్నను అది ఆట వేళలోనే బయటపడును. ఎడ్లబండి ఇరుసులో పగులున్న సంగతి చదునైన దారిలో తెలియదు. బరువెత్తి గట్టు ఎక్కించునప్పుడు తెలియును. అంతమాత్రాన గట్టే ఇరుసును విరిచినదని ఎవరును అనరు గదా!

ఎట్లు ఆగినది?

పిల్లవాడు "క్రాష్ అయ్యింది" అనును. ఆ ఒక్కమాటలో నాలుగైదు వేరువేరు సంగతులున్నవి గనుక మొదట అడుగవలసిన ప్రశ్న, ఎట్లు ఆగినదని.

ఆట ఒక్కటే మాయమై మామూలు తెర కనబడినచో, తప్పు చాలమట్టుకు ఆ ఆటలోనో, గ్రాఫిక్స్ కార్డును నడిపించు డ్రైవరు అను ప్రోగ్రాములోనో ఉండును. అది ఖర్చులేని జబ్బు. డ్రైవరు తీసివేసి క్రొత్తది వేసుకొనిన సరిపోవును. తెర అంతయు నీలముగా మారి అక్షరములు కనబడినచో, విండోస్ తనలో ఏదో తప్పును కనిపెట్టి తన్ను తానే ఆపుకొన్నదని అర్థము. ఆ తెరమీద ఒక సంకేతము ఉండును. దానిని సెల్‌ఫోనుతో ఫోటో తీసి ఉంచుకొనవలెను. (2025లో వచ్చిన మార్పు తరువాత క్రొత్త విండోస్‌లో ఆ నీలితెర నల్లనిదైనది. రంగు మారినది గాని భావము మారలేదు.) బొమ్మ బిగుసుకుపోయి శబ్దము ఒక్కచోటనే జుయ్యిమనుచున్నచో గ్రాఫిక్స్ కార్డును, ర్యామ్‌ను, వేడిమిని అనుమానింపవలెను. ఎవరో ప్లగ్గు పెరికినట్టు దీపములు, ఫ్యాన్లు అన్నియు ఒక్కసారి ఆరిపోయినచో అది కరెంటు సంగతి, లేదా మితిమీరిన వేడి సంగతి.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అను చిట్టాపుస్తకము ఒకటి ఉన్నది. ఎప్పుడు ఏమి జరిగినదో అందులో వ్రాయబడియుండును. అందులో కెర్నల్ పవర్ 41 అను వరుసను చూచి పిల్లలు భయపడుచుందురు. కొందరు మెకానిక్కులు కూడ దానిని చూపి ఇదిగో రోగము పట్టుకొన్నామందురు. అది రోగము పేరు కాదు. "పోయినసారి నన్ను సరిగా ఆపకుండనే నేను ఆగిపోయితిని" అని కంప్యూటరు తిరిగి లేచిన తరువాత వ్రాసుకొన్న మాట మాత్రమే. ప్లగ్గు పెరికినను అదే వ్రాయును, సామాను కాలినను అదే వ్రాయును.

నోటు పుస్తకము

రామతీర్థము దగ్గర గ్రామములో మా సంఘమునకు చెందిన ఒక రైతు కుటుంబము ఉన్నది. కుమారుడు డిగ్రీ చదువుచున్నాడు. వారి కంప్యూటరు వేసవి మొదలైనది లగాయతు ఆట మధ్యలో ఆరిపోవ మొదలుపెట్టినది. దానంతట అదే ఆగిపోవుచున్నదని కుమారుడు చెప్పగా తండ్రి, "దానంతటదే ఏట్రా? నువ్వు ముట్టుకోకుండానే సచ్చిపోతాదేటి?" అన్నాడు. పట్నములోని ఒక దుకాణమునకు తీసుకొని పోగా వారు మూత విప్పి చూచి మదర్‌బోర్డు పోయినది, 14,000 అగునన్నారు. తండ్రి అమ్మివేయుమన్నాడు. ఇద్దరికిని మాటలు నిలిచిపోయినవి. తల్లి నా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఆ పెట్టి పోతే పోనాది. ఈలిద్దరూ మాటలాడుకోడం నేదండి" అన్నది.

నేను కంప్యూటరు డాక్టరును కాను. ఆ అబ్బాయికి ఒక నోటు పుస్తకము కొనుక్కొమ్మని మాత్రము చెప్పితిని. ఆగిన ప్రతిసారి తేదీ, గంట, ఆడుచున్న ఆట, ఎట్లు ఆగినది, గదిలో ఫ్యాను ఉన్నదా లేదా, అన్నియు వ్రాయవలెను. ఏదియు మార్చకూడదు, ఏదియు విప్పకూడదు. పది రోజులు వ్రాసినాడు. పదకొండుసార్లు ఆగినది. పదకొండును సాయంత్రము 6:30కి, రాత్రి 9కి మధ్యనే. ఆదివారము మధ్యాహ్నము మండుటెండలో రెండు గంటలు ఆడినను ఆగలేదు. ఆగిన ప్రతిసారియు దీపము ఊదినట్లు ఆరిపోవుటే గాని నీలితెర ఒక్కసారియు లేదు.

వేడి కారణమైనచో మధ్యాహ్నము ఆగవలసినది. మదర్‌బోర్డు పోయినచో గంటలు చూచుకొని ఆగదు గదా. ఆ పుస్తకమును తండ్రి ముందర పెట్టగా ఆయన కాసేపు చూచి, "ఈ ఏళకి మన ఈదిలో కరెంటు దిగిపోద్ది. నా మోటారే లెగదు" అన్నాడు. దుకాణములో దొరకని సంగతి ఆయన నోట వచ్చినది. పది సంవత్సరములు మోటారుతో పడిన శ్రమ ఊరకపోలేదు.

ఎలక్ట్రీషియను వచ్చి మీటరు పెట్టి చూచినాడు. ఆట నడుచుండగా ఇంటి బోర్డు దగ్గర 186 వోల్టులు, ఎక్స్‌టెన్షన్ బాక్సు దగ్గర 179. ప్లగ్గు ముట్టుకొనిన వేడిగా ఉన్నది, ఒక కాలు నల్లబడినది. మనకు రావలసినది 230 వోల్టులు. నియమము ప్రకారము అటు ఇటు 6 శాతము, అనగా 216కు తగ్గకుండ 244కు మించకుండ ఉండవలెను.

ఇక్కడ జరుగునది కొంచెము వివరించెదను. కంప్యూటరులో ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె ఉండును. గోడలోని కరెంటును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగములకు పంచునది అదే. లోపల 400 వాట్లు కావలసినప్పుడు వోల్టేజి తగ్గినదని అది తక్కువతో సరిపెట్టుకొనదు. తగ్గిన వోల్టేజికి బదులుగా ఎక్కువ ఆంపియర్లు లాగును. 230 వోల్టుల దగ్గర 1.7 ఆంపియర్లు లాగునది 170 వోల్టుల దగ్గర 2.3 దాటును. తీగ వేడి ఆంపియర్ల వర్గమును బట్టి పెరుగును గనుక అదే తీగ దాదాపు రెండింతలు వేడెక్కును. ప్లగ్గు వదులుగా ఉన్నచోట ఆ వేడి ఇంకను ఎక్కువై, అక్కడ మరికొంత వోల్టేజి నష్టమగును. ఇంతలో ఆటలో పెద్ద యుద్ధము వచ్చును, గ్రాఫిక్స్ కార్డు ఒక్క క్షణము మామూలు కంటె ఎంతో ఎక్కువ అడుగును. చౌక ఎస్.ఎం.పి.ఎస్. చేతులెత్తివేయును.

మంచి ఎస్.ఎం.పి.ఎస్. మీద 100 నుండి 240 వోల్టులని వ్రాసియుండును. అటువంటిది మన సాయంకాలపు కరెంటును తట్టుకొనును. చౌకదాని మీద 230 అనియో 200 మొదలనియో ఉండును. కొనునప్పుడు అమ్మువాడు గ్రాఫిక్స్ కార్డు పేరు, లోపలి రంగుల దీపములు చూపించును గాని ఈ పెట్టెను చూపడు. డబ్బు మిగిల్చుకొనుటకు ఎక్కువగా దీనిమీదనే కోత పెట్టుదురు. కొనువారు మొదట దీని మీద ఏమి వ్రాసియున్నదో చదువవలెనని నా గట్టి అభిప్రాయము.

ఆ కుటుంబము వారు ఐదు వేల లోపు ఖర్చుతో మంచి ఎస్.ఎం.పి.ఎస్. ఒకటి వేయించినారు. ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసివేసి బోర్డు నుండి లావు తీగతో వేరు లైను లాగించినారు. 14,000 మిగిలినవి. వీధిలోని వోల్టేజి సంగతి ట్రాన్స్‌ఫార్మరు సంగతి గనుక అది విద్యుత్తు కార్యాలయమునకు అర్జీ పెట్టుకొనవలసినదే. నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి సంతకములు చేసి పెట్టిన అర్జీకి బలమెక్కువ.

ఆ లైను లాగినప్పుడే ఇంకొక సంగతి బయటపడినది. ఆ ఇంట కంప్యూటరు రేకును ముట్టుకొనిన చేతికి జివ్వుమనుచుండెడిది. "కొత్తది కదండీ, పవరెక్కువ" అని అబ్బాయి నవ్వుచుండెడివాడు! మూడు కాళ్ల ప్లగ్గులోని పైకాలు ఎర్తింగు కొరకు ఉన్నది. మన పల్లె ఇండ్లలో బోర్డుకు మూడు రంధ్రములుండును గాని పైరంధ్రమునకు వెనుక తీగ ఉండదు. అప్పుడు ఎస్.ఎం.పి.ఎస్. లోపలి వడపోత నుండి కొద్దిపాటి కరెంటు రేకు మీదికి వచ్చి నిలిచియుండును. జివ్వుమనునది అదే. ఏదైన లోపల తెగి రేకుకు తగిలిన దినమున ఆ జివ్వుమనుట ప్రాణము మీదికి వచ్చును. ఇంటి వెనుక గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి ఎర్తింగు చేయించుటకు పెద్ద ఖర్చు కాదు. కంప్యూటరు ఆగినను ఆగకున్నను ఇది చేయింపవలసినదే. ఈ పనులేవియు పిల్లలు స్వంతముగా చేయకూడదు. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను ఎవరును విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడ దానిలో కరెంటు నిలువయుండును.

ఇన్వర్టరు గూర్చి ఒక మాట. చౌక ఇన్వర్టర్లు ఇచ్చు కరెంటు కొండ చరియలవలె మెట్లుమెట్లుగా ఉండును. ఫ్యానుకు, బల్బుకు సరిపోవును గాని కొన్ని మంచి ఎస్.ఎం.పి.ఎస్.లు దానిని ఒప్పుకొనక, కరెంటు పోయి ఇన్వర్టరు అందుకొను క్షణములో ఆరిపోవును. ప్యూర్ సైన్‌వేవ్ అని వ్రాసియున్నదే తీసుకొనవలెను.

ధూళి, వేడి

ప్రాసెసరు దాదాపు 100 డిగ్రీలకు చేరినచో తన వేగమును తానే తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడకున్న ఆగిపోవును. చలికాలములో 28 డిగ్రీల గదిలో బాగుగానే నడిచిన కంప్యూటరు వైశాఖములో 40 డిగ్రీల రేకుల ఇంటిలో ఆగిపోయినచో ఆశ్చర్యమేమున్నది? బయట పెరిగిన పన్నెండు డిగ్రీలు లోపలను పెరుగును.

మన ప్రాంతపు ధూళి కూడ సామాన్యమైనది కాదు. నూర్పుళ్ల కాలములో ఊక దుమ్ము, గోగునార ఒలిచి ఆరబెట్టు ఇండ్లలో సన్నని నూగు, వంటగది పొగతో కలిసిన నూనెజిడ్డు. ఇవి మూడును కలిసి ఫ్యాను రెక్కలకు, రేకు చువ్వలకు కంబళివలె పట్టును. ఆరు నెలలకొకసారి ప్లగ్గు తీసి, మూత విప్పి, మెత్తని పెయింటు బ్రష్షుతోను సైకిలు పంపు గాలితోను శుభ్రము చేయవలెను. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకొని ఊదవలెను, గిర్రున తిరుగనీయకూడదు. ప్రాసెసరునకు రేకునకు మధ్య పూసిన పేస్టు కొన్ని సంవత్సరములకు ఎండిపోవును. దానిని తుడిచి శెనగగింజంత క్రొత్తది పెట్టవలెను. (బల్లుల సంగతి వ్రాయకుండ ఉండలేను. వెచ్చదనమునకు అవి లోపల చేరును. వెనుకనున్న ఖాళీ కంతలకు రేకు ముక్కలు బిగింపుడి.)

వేడి చేయు హాని పల్లెకే పరిమితము కాదు. మైక్రోసాఫ్ట్ కంపెనీ చేసిన ఎక్స్‌బాక్స్ 360 అను ఆటల పెట్టె, మాటిమాటికి వేడెక్కి చల్లారి లోపలి అతుకులు పగిలి, ఎర్రదీపములు వెలిగించి చనిపోవుచుండగా, 2007 జూలైలో ఆ కంపెనీ నూరు కోట్ల డాలర్లకు పైగా ప్రక్కన పెట్టి వారంటీని మూడు సంవత్సరములకు పెంచవలసి వచ్చినది.

ర్యామ్ తనిఖీ ఇంటిలోనే చేసుకొనవచ్చును. రెండు బిళ్లలున్నచో ఒకటి తీసి ఒక దినము, రెండవది తీసి ఒక దినము నడిపి చూడవలెను. బంగారు రంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి టిక్కుమను వరకు నొక్కవలెను. విండోస్ మెమొరీ డయాగ్నస్టిక్ అను పరీక్ష కంప్యూటరులోనే ఉన్నది. ఇంకను గట్టి పరీక్ష కావలెనన్నచో మెమ్‌టెస్ట్86 అనుదానిని రాత్రంతయు నడుపవచ్చును. ఒక్క తప్పు కనబడినను ఆ బిళ్ల మంచిది కాదు. ర్యామ్ పెట్టె మీద వ్రాసిన గొప్ప వేగము బయోసులో ఎక్స్.ఎం.పి. అను మీట నొక్కిన గాని రాదు. ఆ మీటను తీసివేయగానే ఆగుట మానినచో దొంగ దొరికినట్లే. ఏది చేసినను ఒక్కసారికి ఒక్కటే మార్చవలెను. మూడు మార్చి బాగైనచో ఏది రోగమో ఎన్నటికిని తెలియదు.

పైన చెప్పిన కుటుంబములో కరెంటు సరిచేసిన తరువాత కూడ వారమునకు ఒకసారి నీలితెర వచ్చుచుండెను. అది వేరు రోగము. పరీక్షలో ర్యామ్ బిళ్ల ఒకటి తప్పినది. బిల్లు ఉన్నందున వారంటీలో మార్చినారు.

తప్పు ఎవరిది?

ఎంత విచారించినను ఇంటిలో తప్పు దొరకని సమయములును ఉన్నవి. ఇంటెల్ కంపెనీ 2022లోను 2023లోను అమ్మకమునకు తెచ్చిన 13వ, 14వ తరము పెద్ద ప్రాసెసర్ల సంగతి దీనికి సాక్ష్యము. ఎక్కువ ధర పెట్టి అవి కొన్నవారికి ఆటలు ఆగిపోవుచుండెను. తెరమీద వీడియో మెమొరీ చాలలేదని కనబడుచుండెను గనుక జనులు గ్రాఫిక్స్ కార్డులు మార్చుకొనిరి. ఆట చేసినవారిని కొందరు నిందించిరి. మొదట మదర్‌బోర్డు అమరికల మీదికి వేలు చూపబడినది. చివరకు 2024 జూలైలో ఇంటెల్ వారే, తమ ప్రాసెసరు తనకు కావలసినదానికంటె ఎక్కువ వోల్టేజి అడుగుచున్నదని ఒప్పుకొని, ఆగస్టులోను సెప్టెంబరులోను సవరణలు విడుదల చేసిరి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసరును ఆ సవరణ బాగుచేయదు. కాబట్టి వారంటీని రెండు సంవత్సరములు పొడిగించిరి. ల్యాప్‌టాపులకు ఈ జబ్బు లేదని వారు చెప్పిరి.

మన పిల్లల డెస్క్‌టాపులో ఆ తరము కె అక్షరము గల ఐ5, ఐ7, ఐ9 ఉన్నచో మదర్‌బోర్డు బయోసును క్రొత్తదానికి మార్చినారా అని అడుగుడి. మార్చునప్పుడు మధ్యలో కరెంటు పోయినచో బోర్డే చెడిపోవచ్చును. కావున యు.పి.ఎస్. లేని ఇంట ఆ పని పెట్టుకొనకూడదు.

వాడిన గ్రాఫిక్స్ కార్డు చౌకగా వచ్చుచున్నదని కొనువారు ఇంకొకటి తెలిసికొనవలెను. కంప్యూటరు నాణెములు త్రవ్వుటకై రాత్రింబగళ్లు వేడిలో నడిపిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఎథీరియం వారు ఆ పద్ధతి మానివేసిన తరువాత, కుప్పలుగా అంగళ్లలోనికి వచ్చినవి. అన్నియు చెడ్డవి కావు. అయినను దుకాణములోనే అరగంట బరువైన ఆట నడిపి చూపించని కార్డుకు డబ్బు చెల్లించకుడి.

రిపేరుకు ఇచ్చునప్పుడు నోటు పుస్తకములోని పేజీ నకలు కూడ ఇవ్వుడి. లోపలి భాగముల నంబర్లు ఫోటోలు తీసి ఉంచుకొనుడి. మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకొనుడి. బిల్లులను కరెంటు బిల్లులతో కాక పట్టాదారు పుస్తకము ఉంచు చోటనే ఉంచుడి. చాల భాగములకు మూడు సంవత్సరములు, కొన్ని మంచి ఎస్.ఎం.పి.ఎస్.లకు ఐదు మొదలు పది సంవత్సరముల వారంటీ ఉన్నది. ఎండకు అక్షరములు చెరిగిపోవు బిల్లులైనచో జిరాక్సు తీయించుడి.

ఇక ఆశ్వయుజ కార్తీక మాసములలో తుపాను గాలి, ఉరుములు వచ్చినప్పుడు స్విచ్చి ఆపిన చాలదు, ప్లగ్గు తీసివేయవలెను. దానితోపాటు ఇంటర్నెట్టు తీగను కూడ తీయవలెను. రాగి తీగ అయినచో పిడుగు కరెంటు ఆ దారినే మదర్‌బోర్డులోనికి వచ్చును. గాజు తీగ వచ్చిన ఇండ్లలో ఆ తీగకు భయము లేదు గాని, దాని ప్రక్కనుండు చిన్నపెట్టె నుండి కంప్యూటరుకు వచ్చునది రాగి తీగయే.